నాడి పట్టని డాక్టరు మాట

మోకాళ్ళ నొప్పికి ఫలానా బిళ్ళ వేసుకోండి అని ఒక డాక్టరు చెప్పే వీడియో ఒడిశా-ఆంధ్రా సరిహద్దులోని మన బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి తెలుగిళ్ళ ఫోన్లలో కొన్నాళ్ళుగా తిరుగుతోంది. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, వెనక గోడ మీద పటం కట్టిన డిగ్రీ. మాట నెమ్మదిగా, ఇంటిమనిషి మాటలా ఉంటుంది. స్ట్రిప్పు మీద పేరు కనబడేలా పట్టుకుని "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అయిదు రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది" అంటాడు. ఆ స్ట్రిప్పులో ఉన్నది ఎసిక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు. ఎసిక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది.

బరంపురంలో ఒక మందుల షాపుకి అరవై దాటిన ఒకావిడ వచ్చింది. ఫోన్లో ఆ వీడియో ఆపి చూపించి, "ఈ డాక్టరుబాబు సెప్పిన బిళ్ళే కావాల నాయనా, పది ఇయ్యి" అంది. షాపతను స్ట్రిప్పు తియ్యకుండా, "మామ్మా, ఇంకేం మందులు వాడతన్నావు?" అని అడిగాడు. ఆవిడ చేతిసంచిలోంచి రెండు స్ట్రిప్పులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి టెల్మిసార్టన్, రెండోది హైడ్రోక్లోరోథయాజైడ్. రెండూ బీపీవే. వీటితో ఆ నొప్పిబిళ్ళ కలిస్తే కిడ్నీలకి ప్రమాదమని అతను చెబితే ఆవిడ అడిగిన మాట ఇది: "నాకు బీపీ ఉన్నాదని ఆ డాక్టరుబాబుకి తెలీదేటి?"

తెలియదు. తెలిసే దారి లేదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు ఆ మూడు మందులూ కలిస్తే ఏమవుతుందో చూడండి. కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నని నాళాల గుత్తులు ఉంటాయి. ఒక నాళం రక్తాన్ని లోపలికి తెస్తుంది, ఇంకోటి బయటికి తీసుకుపోతుంది. లోపల కొంత ఒత్తిడి నిలిస్తేనే వడపోత జరుగుతుంది. టెల్మిసార్టన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోంచి ఉప్పునీ నీటినీ పంపేస్తుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు లోపలికి తెచ్చే నాళం వెడల్పై కిడ్నీని కాపాడుకోవాలి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పిబిళ్ళలు సరిగ్గా ఆ వెడల్పు కావడాన్నే అడ్డుకుంటాయి. మూడు వైపుల నుంచీ ఒకేసారి ఒత్తిడి పడిపోతుంది. కలిపి వాడడం మొదలుపెట్టిన మొదటి నెలలోనే ముప్పు ఎక్కువ. కాళ్ళవాపు, మూత్రం తగ్గడం కనబడేసరికి రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడపోయవలసిన వ్యర్థం, ఎప్పుడో పెరిగిపోయి ఉంటుంది.

వీడియోలోని డాక్టరు అబద్ధం ఆడలేదు. ఆ బిళ్ళ నొప్పిని తగ్గిస్తుంది. ఆయన చెప్పనిదంతా ఆవిడ చేతిసంచిలో ఉంది. డాక్టరు మాటకి మనం ఇచ్చే విలువ ఆయన చదువుకి మాత్రమే ఇచ్చేది కాదు. ఎదురుగా కూర్చోబెట్టి, అడిగి, నాడి పట్టి, పాత చీటీలు తిరగేసి, అప్పుడు చెబుతాడని ఇస్తాం. ప్రకటన ఆ అడగడాన్ని తీసేస్తుంది, మొహాన్ని మాత్రం ఉంచుకుంటుంది. అందుకే చీటీ మందుకి డాక్టరు ప్రకటన ఇవ్వడం తప్పు అంటాను. మందు మంచిదైనా తప్పే. డబ్బు తీసుకోకపోయినా తప్పే. ఈ రెండో మాట చాలామందికి మింగుడుపడదు, దాని దగ్గరికి వస్తాను.

ఆ నిమిషంలో పట్టని ప్రశ్నలు

నొప్పిబిళ్ళ రాసే ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. కడుపులో పుండు ఉందా, ఎప్పుడైనా విరేచనం తారులా నల్లగా అయిందా? గుండెకి స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారా? ఉబ్బసం ఉంటే, ఇదివరకు ఇలాంటి బిళ్ళ వేసుకున్నాక ఆయాసం ఎక్కువైందా? కడుపుతో ఉన్నారా, ఎన్నో నెల? చివరిసారి క్రియాటినిన్ ఎప్పుడు చూపించారు, ఎంత వచ్చింది? వీటిలో ఏ ఒక్కదానికి "అవును" అన్నా మందు మారుతుంది, లేదా మోతాదు, రోజులు తగ్గుతాయి, లేదా అసలు రాయరు.

మన ప్రాంతంలో ఇంకో ప్రశ్న కూడా ఉండాలి: ఏం పని చేస్తారు? హుమ్మా ఉప్పుమడుల్లో, జీడితోటల్లో, ఇటుకబట్టీల దగ్గర మే నెల ఎండలో పనిచేసి సాయంత్రానికి ఒళ్ళంతా ఎండిపోయిన మనిషికి అదే బిళ్ళ ఇంకోలా పనిచేస్తుంది. నడుంనొప్పి కూడా ఆ పనివాళ్ళకే ఎక్కువ. పైగా పక్కనే, ఆంధ్రా వైపు ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటిదాకా ఎవరూ కచ్చితంగా తేల్చలేదు. నొప్పిబిళ్ళల వల్లే వచ్చిందని నేననను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ సగం దెబ్బతిన్న కిడ్నీ ఉన్నవాళ్ళు ఇన్ని వేలమంది ఉన్న చోట, వాళ్ళలో చాలామందికి తమకి జబ్బున్నట్టే తెలియని చోట, నొప్పిబిళ్ళని మొహం చూపించి అమ్మడం మిగతా ఊళ్ళలో అమ్మడం లాంటిది కాదు. హద్దురాయి దాటగానే ఈ తోటల మనుషులూ, వాళ్ళ చుట్టరికాలూ మారిపోవు. సోంపేట కోడలు బరంపురంలో ఉంటుంది, బరంపురం కూతురు కంచిలిలో ఉంటుంది. వీడియో ఇద్దరికీ ఒకేసారి చేరుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని షాపులవాళ్ళు రోజూ చూస్తారు. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ కౌంటర్లు 2015 నుంచి మందులు ఉచితంగా ఇస్తున్నాయి. అక్కడ వచ్చే స్ట్రిప్పు మీద మందు అసలు పేరు ఉంటుంది: డైక్లోఫెనాక్ సోడియం 50 మిల్లీగ్రాములు. ప్రకటనలో వినబడేది బ్రాండు పేరు. అది ఎసిక్లోఫెనాక్. రెండూ ఒకే కుటుంబం మందులని ఇంట్లోవాళ్ళకి ఎలా తెలుస్తుంది? "ఆసుపత్రి బిళ్ళ పనిచెయ్యట్లేదు, దీన్నీ వేసుకుందాం" అని రెండూ కలిపి మింగుతారు. డైక్లోఫెనాక్ రోజుకి 150 మిల్లీగ్రాములు దాటకూడదు, ఎసిక్లోఫెనాక్ 200 దాటకూడదు, రెండూ కలిపి అసలే వాడకూడదు. కొత్త బిళ్ళలో పారాసెటమాల్ దాగి ఉందని తెలియక జ్వరానికి విడిగా 650 బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఇంకా ఎక్కువ.

ప్రకటన చేసే హాని ఇంకోటి ఇక్కడే ఉంది. ఉచితంగా వచ్చిన బ్రాండు పేరులేని స్ట్రిప్పుకి ఏ డాక్టరూ టీవీలో మాట సాయం చెయ్యడు. బ్రాండుకి చేస్తాడు. దాంతో ఆసుపత్రి మందు నాసిరకం, డాక్టరు చూపించిన మందు అసలైనది అన్న నమ్మకం కుదిరిపోతుంది. నిరామయలో ఇచ్చిన టెల్మిసార్టన్ పక్కన పడేసి, అదే టెల్మిసార్టన్ని బ్రాండు పేరుతో డబ్బుపెట్టి కొనుక్కునే కుటుంబాలు ఉన్నాయి. నెలాఖరుకి డబ్బులు అయిపోతే పది రోజులు బీపీ మందే ఉండదు.

మొహమే లేబులైన చోట

ఆ స్ట్రిప్పుని ఒకసారి దగ్గరగా పట్టుకుని చూడండి. వెండిరంగు రేకు, ఎడమ అంచున పైనుంచి కిందకి, ఇది చీటీ మందని చెప్పే ఎర్రగీత. పైన మూల ఆర్‌ఎక్స్ గుర్తు. కింద ఆవగింజంత అక్షరాల్లో, రిజిస్టరైన డాక్టరు చీటీ మీదే అమ్మాలని ఇంగ్లీషులో హెచ్చరిక. తయారీ తేదీ, గడువు తేదీ రేకు మడతలో పడి సగం చెరిగిపోతాయి. నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇస్తే మందు పేరు సగం, గడువు సున్నా.

గంజాం, గజపతి జిల్లాల్లో మన ఇళ్ళ సంగతి తెలిసిందే. ఇంట్లో మాట తెలుగు. బళ్ళో చదువు ఒడియా. స్ట్రిప్పు ఇంగ్లీషు. డాక్టరు చీటీ కూడా ఇంగ్లీషే, అదీ గొలుసుకట్టు. ముసలివాళ్ళలో చాలామందికి మూడు లిపుల్లో ఏదీ చదవడం రాదు. చదవగలిగినవాళ్ళకి కూడా ఎర్రగీత అర్థం ఎవరూ చెప్పలేదు. అలాంటి ఇంట్లో తెలుగులో మాట్లాడే తెల్లకోటు మొహం ఒక్కటే అందరూ చదవగలిగిన లేబులు. చట్టం స్ట్రిప్పు మీద ఎన్ని హెచ్చరికలు వేయించినా, ఆ మొహం వాటన్నిటినీ ఒక్క చిరునవ్వుతో కొట్టేస్తుంది.

తామర క్రీముల సంగతి ఇలాంటిదే. సముద్రపు గాలి, చెమట, తడిబట్టలు. గజ్జల్లో తామర లేని ఇల్లు వానాకాలంలో తక్కువ. క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే రెండ్రోజుల్లో దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. ఆపగానే రెండింతలుగా తిరగబెడుతుంది, చర్మం పలచబడి చారలు పడతాయి. ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందుల్ని 2018లో షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. "రెండ్రోజుల్లో ఉపశమనం" అని డాక్టరు చెప్పే మాట అక్షరాలా నిజం. అంతకన్నా హాని చేసే నిజం ఇంకోటి లేదు.

పడవ మీద గుండె డాక్టరు

అమెరికాలో చీటీ మందుల్ని నేరుగా జనానికి ప్రకటించుకోవచ్చు. న్యూజిలాండ్‌లోనూ అంతే. అక్కడి ఉదాహరణ ఒకటి మనకి బాగా పనికొస్తుంది.

కృత్రిమ గుండెతో పేరు తెచ్చుకున్న రాబర్ట్ జార్విక్ 2006 నుంచి ఫైజర్ కంపెనీ కొలెస్టరాల్ మందు లిపిటార్ ప్రకటనల్లో కనబడ్డాడు. లిపిటార్ అంటే అటార్వాస్టాటిన్, ఇప్పుడు మన ఊళ్ళో గుండెజబ్బు వాళ్ళందరి సంచిలోనూ ఉండేదే. ఆ ఏడాదే పోటీ మందు సిమ్వాస్టాటిన్ పేటెంటు తీరి చవకగా దొరకడం మొదలైంది. చవక మందు వైపు వెళ్ళకుండా జనాన్ని ఆపాలి. అందుకు నమ్మకమైన మొహం కావాలి. రెండేళ్ళ ఒప్పందానికి కనీసం 13 లక్షల 50 వేల డాలర్లు. ఒక ప్రకటనలో ఆయన సరస్సు మీద పడవ నడుపుతూ కనబడతాడు. నిజానికి తెడ్డు వేసింది ఆయన బదులు పెట్టిన వేరే మనిషి. ఆయనకి వైద్యపట్టా ఉంది కానీ రోగులకి వైద్యం చేసే లైసెన్సు లేదు. అమెరికన్ ప్రతినిధుల సభ కమిటీ విచారణ మొదలుపెట్టాక, 2008 ఫిబ్రవరిలో కంపెనీ ఆ ప్రకటనలు ఆపేసింది.

అందరూ పడవ దగ్గర ఆగిపోతారు. నాకు పడవ కన్నా ఆ ప్రకటనల్లోని అంకె ముఖ్యం. గుండెపోటు ముప్పు 36 శాతం తగ్గుతుందని పెద్దక్షరాల్లో ఉండేది. చిన్నక్షరాల్లో, పరిశోధనలో ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 3 శాతం మందికి, లిపిటార్ వేసుకున్నవాళ్ళలో 2 శాతం మందికి గుండెపోటు వచ్చిందని ఉండేది. రెండూ ఒకే పరిశోధన నుంచే, రెండూ నిజమే. మన వీధి లెక్కలో చెప్పుకుందాం. బీపీ ఉండి ఇంకొన్ని ముప్పులూ ఉన్న వందమంది మూడేళ్ళకి పైగా రోజూ బిళ్ళ వేసుకుంటే వాళ్ళలో ఒక్కరికి గుండెపోటు తప్పుతుంది. తొంభై ఏడు మందికి వేసుకున్నా వేసుకోకపోయినా రాదు. ఇద్దరికి వేసుకున్నా వస్తుంది. ఆ ఒక్కరి ప్రాణం విలువైనదే. ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్ళకైతే లాభం ఇంకా ఎక్కువ. అటార్వాస్టాటిన్ మంచి మందు, ఈ పేరా చదివి ఎవరూ దాన్ని మానెయ్యకండి. నేననేది, "మీ విషయంలో లాభం ఎంత, కండరాల నొప్పులు వస్తే ఏం చేద్దాం" అని డాక్టరు రోగితో చెయ్యవలసిన మాటని పెద్దక్షరాల 36 మింగేసింది. కృత్రిమ గుండెతో పేరున్న మనిషి పక్కన నిలబడ్డాక చిన్నక్షరాల 3, 2 చదివేవాళ్ళెవరు?

డబ్బు తీసుకోకపోతే?

మన దేశంలో 2002 నాటి వైద్యుల నడవడి నిబంధనలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. ప్రతిఫలం ఉన్నా లేకపోయినా, ఏ మందుకీ, ఏ వైద్య పరికరానికీ, ఏ వ్యాపార వస్తువుకీ తన పేరు, సంతకం, ఫోటోతో ప్రకటనలో వాడుకునేలా డాక్టరు ఆమోదం ఇవ్వకూడదు. 2009లో చేర్చిన భాగం కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణాలు వద్దని చెబుతూ, ఏ మందునీ బహిరంగంగా సమర్థించకూడదని మళ్ళీ చెప్పింది. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి ఆ నెలలోనే పక్కన పెట్టారు కాబట్టి నడుస్తున్నవి పాతవే. ఇక కంపెనీ వైపు చూస్తే, చీటీ మందుల జాబితాలైన షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్‌లలోని మందుల్ని కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా ప్రకటించకూడదు.

"ప్రతిఫలం ఉన్నా లేకపోయినా" అన్న మాట మొదట నాకూ కటువుగా అనిపించింది. ఒక డాక్టరు ఇరవై ఏళ్ళ అనుభవంతో, పైసా తీసుకోకుండా, ఒక మందు బాగుందని నలుగురికీ చెబితే తప్పేమిటి? డబ్బు తీసుకుంటే ఆ సంగతి చెప్పెయ్యమంటే సరిపోదా? ఆలోచించగా తేలింది ఇది. డబ్బు తీసుకున్నానని చెప్పినంత మాత్రాన మామ్మ సంచిలోని రెండు స్ట్రిప్పులూ ఆయనకి కనబడవు. అబద్ధం వల్ల వచ్చే హాని ఒక రకం, అడగకపోవడం వల్ల వచ్చే హాని ఇంకో రకం. డబ్బు సంగతి చెప్పేస్తే మొదటిది కొంత తగ్గుతుంది, రెండోది చెక్కుచెదరదు.

దీనికి గట్టి ఎదురువాదం బోదకాలు మాత్రల నుంచి వస్తుంది. గంజాం తీరంలో ఫైలేరియా నివారణకి ఊరూరా మందులు మింగించే కార్యక్రమం జరిగినప్పుడు డాక్టర్లే మైకు పట్టుకుని "తప్పకుండా మింగండి" అంటారు. అదీ మందే, చెప్పేదీ డాక్టరే, ఆయన ఎవరి నాడీ పట్టలేదు. మరి అది ఒప్పు, ఇది తప్పు ఎలా అవుతుంది?

ఇంటికొచ్చే ఆశా కార్యకర్త ఏం చేస్తుందో చూస్తే జవాబు దొరుకుతుంది. ఆవిడ దగ్గర పట్టిక ఉంటుంది. డీఈసీ అనే బోదకాలు మాత్ర 2 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకి 100 మిల్లీగ్రాములు, 6 నుంచి 14 వాళ్ళకి 200, 15 దాటితే 300. రెండేళ్ళలోపు పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ, బాగా జబ్బుపడి ఉన్నవాళ్ళకీ ఇవ్వరు. పరగడుపున ఇవ్వరు. ఎదురుగా మింగించి, పేరు రాసుకుని, వేలికి గుర్తు పెడతారు. అంటే మైకులో డాక్టరు చెప్పిన మాటకి, మందు నోట్లో పడడానికి మధ్య ఒక మనిషి ఉంది, ఆ మనిషి ప్రశ్నలు అడుగుతోంది. బ్రాండు లేదు, అమ్మకం లేదు. వీడియోకీ గొంతుకీ మధ్య ఉన్నదల్లా షాపు బల్ల ఒక్కటే. అక్కడ అడిగే మనిషి ఉండవచ్చు, ఉండకపోవచ్చు.

రెండో ఎదురువాదం గజపతి కొండల నుంచి. మోహన, ఆర్.ఉదయగిరి వైపు పల్లెల్లో డాక్టరు దొరకడమే కష్టం, కనీసం వీడియోలోనైనా ఒక డాక్టరు చెబుతున్నాడు కదా అంటారు. ఈ వాదనలో బాధ నిజమైనది. అందుకే దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. కానీ డాక్టరు లేని చోట రెండో అభిప్రాయం కూడా ఉండదు, క్రియాటినిన్ పరీక్షా ఉండదు, వాంతిలో రక్తం పడితే రాత్రికి రాత్రి తీసుకెళ్ళే బండీ ఉండదు. తప్పుని పట్టుకునేవాళ్ళు తక్కువైన చోటే ప్రకటన ఎక్కువ చెడగొడుతుంది. ఆ పల్లెలకి కావలసినది జబ్బు గురించి చెప్పే డాక్టరు: ఏ నొప్పికి ఆగవచ్చు, ఏ నొప్పికి వెంటనే కదలాలి, ఓఆర్ఎస్ ఎలా కలపాలి.

ఓఆర్ఎస్ మాట వచ్చింది కనుక, డాక్టరు నోరు నొక్కెయ్యమని నేననడం లేదని చెప్పడానికి అదే మంచి ఉదాహరణ. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్, ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడయ్యే తీపి పానీయాల మీద ఏళ్ళ తరబడి బహిరంగంగా మాట్లాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. చక్కెర అంతకు ఎన్నో రెట్లు ఉన్న పానీయం పడితే పిల్లవాడి విరేచనాలు ఎక్కువవుతాయి. లీటరు నీళ్ళకి చెప్పిన పొట్లాన్ని ఒక గ్లాసులో కలిపేస్తే ఉప్పు మితిమీరి అదీ ప్రమాదమే. ఇవన్నీ ఏ డాక్టరైనా టీవీలో చెప్పవచ్చు, చెప్పాలి కూడా. ఎవరి సరుకూ అమ్ముడుపోని మాట అది.

చీటీ అడుగున అచ్చయిన పేరు

టీవీ, వీడియోలు కంటికి కనబడతాయి కాబట్టి వాటి మీద కోపం రావడం సులువు. కన్సల్టింగ్ గదిలో కనబడనివి ఎక్కువ. చీటీల పుస్తకం అడుగున కాల్షియం బిళ్ళ పేరు అచ్చయి ఉంటుంది. గోడ గడియారం మీద యాంటీబయాటిక్ పేరు, బల్ల మీద మోకాలి ఎముకల బొమ్మ కింద నొప్పిమందు పేరు, క్యాలెండరులో నెలకో బ్రాండు. ఇది డాక్టరు ఆమోదం కిందికి వస్తుందా అని నాకు చాలాకాలం సందేహం ఉండేది. ఆయన నోటితో ఏమీ అనలేదు కదా. కానీ ఆ కాగితం డాక్టరు సంతకంతో రోగి చేతిలో షాపు దాకా నడుస్తుంది. పైన రాసినది అర్థంకాని గీత, అడుగున అచ్చయినది స్పష్టమైన పేరు. షాపులో కుర్రాడు ఏది చదువుతాడు? సంతకం, పేరు, బ్రాండు ఒకే కాగితం మీద ఉన్నాక అది ప్రకటనే.

ఉచిత ఎముకల పరీక్ష శిబిరాలు ఇంకో మెట్టు పైన. కంపెనీ మనిషి మడమ మీద పెట్టే చిన్న యంత్రం తెస్తాడు, బ్యానరు మీద డాక్టరు ఫోటో ఉంటుంది, అంకె రాగానే విటమిన్ డి 60,000 యూనిట్ల పొట్లాలు. మడమ యంత్రం అంకె ఒక అంచనా మాత్రమే, ఎముకల బలహీనత తేల్చడానికి నడుము, తుంటి మీద చేసే డెక్సా పరీక్ష కావాలి. ఆ పొట్లం వారానికి ఒకటి, మామూలుగా ఎనిమిది వారాలు. ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే: వారానికి ఒకటి అన్నది రోజుకి ఒకటిగా మారిపోతుంది. బ్యానరు చూసి వచ్చినవాళ్ళకి కాగితం మీద రాసివ్వరు, నోటితో చెబుతారు. రెండు మూడు నెలలు రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అయోమయం, చివరికి మళ్ళీ కిడ్నీలే.

2024 మార్చిలో వచ్చిన మందుల మార్కెటింగ్ నియమావళి కొంత కట్టడి పెట్టింది. గుర్తుగా ఇచ్చే వస్తువు 1,000 రూపాయలు దాటకూడదు, ఒక డాక్టరుకి ఒక మందు శాంపిల్ ప్యాకెట్లు ఏడాదికి 12 మించకూడదు. కానీ 999 రూపాయల క్యాలెండరు గోడ మీద రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. నాకైతే ఈ హద్దు ధరలో ఉండకూడదు. రోగి కంటపడే చోట బ్రాండు పేరు ఉండకూడదు, అంతే.

వైద్యుల సంఘాల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 2008లో భారతీయ వైద్యుల సంఘం ఐఎంఏ ఒక పళ్ళరసానికీ ఒక ఓట్స్ బ్రాండుకీ తన ముద్ర అమ్ముకుంది, మెడికల్ కౌన్సిల్ దాన్ని తప్పుపట్టింది. ఆ తర్వాత 2016లో అదే నిబంధనల్లోని కానుకల భాగం నుంచి సంఘాల్ని తప్పించారు. ఒక్క డాక్టరు చేస్తే తప్పయినది పదివేలమంది కలిసి చేస్తే ఎలా ఒప్పవుతుందో ఆ సవరణ చెప్పదు. ఒకరి మొహం కన్నా సంఘం ముద్రని జనం ఎక్కువ నమ్ముతారు, కాబట్టి దానికే కట్టడి ఎక్కువ ఉండాలి.

ఎవరికి చెప్పాలి

సరిహద్దులో ఉన్నవాళ్ళకి ఇక్కడొక తికమక. వీడియో హైదరాబాదులోనో విశాఖలోనో తీసి ఉంటారు, చూసేది బరంపురంలో, కొనేది ఒడిశా షాపులో. డాక్టరు మీద ఫిర్యాదు ఆయన పేరు ఏ రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో ఉంటే ఆ మండలికి పంపాలి. కాబట్టి ముందు చూడవలసినది రిజిస్ట్రేషన్ నంబరు. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో పేరు కొట్టి వెతకవచ్చు. నిబంధనల ప్రకారం ఫిర్యాదు మీద ఆరు నెలల్లో నిర్ణయం చెప్పాలి. మందు ప్రకటన, చీటీ లేని అమ్మకం మీద ఫిర్యాదు మన జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకి. డాక్టరు ఆంధ్రా రిజిస్టరులో ఉన్నా, అమ్మిన షాపు గంజాంలో ఉంటే ఆ రెండో కాగితం గంజాంలోనే ఇవ్వాలి.

వాట్సాప్‌లో ముందుకు పంపిన వీడియోకి మూలం ఉండదు. అందుకని అది ఏ పేజీలో, ఏ చానెల్లో మొదట వచ్చిందో ఆ లింకు, తేదీ, సమయం, డాక్టరు పేరు, మందు పేరు కనబడే స్క్రీన్‌షాట్లు రెండు దాచాలి. స్ట్రిప్పు కొని ఉంటే బిల్లు, ఎర్రగీత కనబడేలా స్ట్రిప్పు ఫోటో జతచెయ్యాలి. బిల్లు లేకపోతే షాపు సంగతి నిలబడదు. చాలా షాపుల్లో అడిగితేనే బిల్లు ఇస్తారు, కాబట్టి అడగండి.

ఆ పేరు ఏ రిజిస్టరులోనూ దొరకకపోవచ్చు కూడా. పేరున్న డాక్టర్ల మొహాలకి వేరే గొంతు అతికించి, షుగరు పోతుంది, మోకాళ్ళు అరగవు అని చెప్పించే నకిలీ వీడియోలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. పెదవుల కదలిక చూసి నకిలీని పట్టడం చదువుకున్నవాళ్ళకే కష్టంగా ఉంది, మామ్మకి ఎలా చేతనవుతుంది? ఆవిడకి చెప్పగలిగిన మాట చిన్నదై ఉండాలి. ఏ డాక్టరూ మందు పేరు పట్టుకుని ప్రకటన ఇవ్వకూడదన్న నియమం నిజంగా అమలైతే ఆ చిన్నమాట మన దగ్గర ఉంటుంది: మందు పేరు చెప్పి కొనమనే డాక్టరు వీడియో కనబడితే అసలా నకిలీయా అని చూడక్కర్లేదు, వదిలెయ్యి. అసలు డాక్టర్లే అలా కనబడుతున్నంతకాలం ఆ మాట ఆవిడకి చెప్పలేం.

షాపతను ఆ రోజు నొప్పిబిళ్ళ ఇవ్వలేదు. పారాసెటమాల్ 500 ఆరు బిళ్ళలు ఇచ్చి, రోజుకి మూడు దాటొద్దని, రెండ్రోజులకే అని చెప్పాడు. ఆవిడ ఆసుపత్రి చీటీ వెనక రెండు లైన్లు రాశాడు: టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ వాడుతున్నారు, నొప్పిమందు అడుగుతున్నారు, క్రియాటినిన్ చూడగలరు. స్ట్రిప్పులు రెండూ ఆ చీటీలోనే చుట్టి సంచిలో పెట్టి, ఓపీకి ఈ సంచితోనే వెళ్ళమన్నాడు.